బండికి ఆయిల్ గేజే లేదు. స్క్రీన్ మాట నమ్మొచ్చా?

నల్లపాడు_రోడ్

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈ మధ్యే హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ జర్మన్ సెడాన్ కొన్నాను. 2015 మోడల్, రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్, ఆటోమేటిక్. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా అటే పోతుంది. బండి కండిషన్ బాగుంది, సర్వీస్ రికార్డు కూడా ఉంది.

మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. బండి గుంటూరు తెచ్చిన మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తించి గేజ్ కోసం, అంటే ఆయిల్ ఎంతుందో ముంచి చూసే కడ్డీ కోసం వెతికారు. ఇంజిన్ మీదున్న ప్లాస్టిక్ కవర్ కూడా ఊడదీయించారు. ఆయిల్ పోసే మూత ఉంది. గేజ్ లేదు, అది దిగే గొట్టం కూడా లేదు. ఎవరో పీకేసుకుని బండి అమ్మారని ఆయన అనుమానం. మాన్యువల్ తీసి చూపించాను: ఈ ఇంజిన్‌కి అసలు గేజ్ ఉండదు, స్క్రీన్ మెనూలోకి వెళ్ళి లెవెల్ చూసుకోవాలి. "ఇంత బండికి ఒక కడ్డీ ముక్క పెట్టలేకపోయారా" అన్నారు. డిపోలో ఉన్నన్నాళ్ళూ ఆయిలు, నీళ్ళు చూడకుండా స్టీరింగ్ పట్టుకోని మనిషి.

అసలు సంగతి తర్వాత జరిగింది. హైదరాబాద్ నుంచి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు ఎక్కాం. మిర్యాలగూడ ఇంకాస్త దూరం ఉందనగా పసుపు రంగులో నూనె డబ్బా బొమ్మ, పక్కన ఒక లీటరు కలపమని మెసేజ్. పెట్రోల్ బంకులో అడిగితే లారీలకు పోసే 15డబ్ల్యూ-40 మాత్రమే ఉంది. మా బావ "ఏదైతే ఏంటి, పోసెయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మిర్యాలగూడలో స్పేర్ పార్టుల షాపులన్నీ తిరిగి, మాన్యువల్‌లో రాసిన గ్రేడు 5డబ్ల్యూ-30 డబ్బా పట్టుకుని ఒక లీటరు పోశాను. తీరా పోశాక స్క్రీన్‌లో ఏ మార్పూ లేదు. అదే పసుపు బొమ్మ, అదే మాట. మెనూలోకి వెళ్తే కొలత ఇంకా సిద్ధంగా లేదని వస్తోంది. బావ ఇంకో అర లీటరు పొయ్యమంటాడు. నాకేమో ఎక్కువైతే ఇంకా ప్రమాదమని ఎక్కడో చదివిన గుర్తు. అలాగే బయల్దేరాం. పిడుగురాళ్ళ దాటాక ఎప్పుడో చూస్తే గీత దాదాపు పైకి వచ్చేసి ఉంది. గేజ్ ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేదానికి దారంతా టెన్షన్.

నేను తెలుసుకోవాలనుకునేది: ఈ సెన్సర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? దీనికి బయట గేజ్ పెట్టించే వీలుందా? ఆయిల్ కాకుండా మిగతావాటికి, అంటే కూలెంట్, బ్రేక్ ఆయిల్ లాంటివాటికి, లైటు వెలిగేదాకా ఆగితే చాలా? నాన్నగారు మాత్రం "కంటితో చూడంది నేను ఒప్పుకోను" అంటున్నారు.

ఎర్టిగా_వైజాగ్

ముందుగా మీ నాన్నగారికి నమస్కారాలు. ఆ తరం డ్రైవర్లు వేరే.

నాకు కొన్ని క్యాబులున్నాయి, ఒకటి నేనే తోల్తాను. నా బండికి పొద్దున్నే గేజ్ తీసి చూడందే తాళం తిప్పను. కానీ జీతానికి పెట్టుకున్న కుర్రాళ్ళ సంగతి అడగండి. "ఆయిల్ చూశావా" అంటే "చూశానన్నా" అంటారు. వెళ్ళి చూస్తే గేజ్ పిడి మీద దుమ్ము దుమ్ములాగే ఉంటుంది. అలాంటి బండికి గేజ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత! స్క్రీన్ మీద లెవెల్ తగ్గిందని రాసి చూపించే సెన్సర్ నా బండ్లన్నిటికీ ఉంటే నెలకో ఫోటో పంపించమంటాను, గొడవ వదిలిపోతుంది. మా బండ్లలో ఉన్నది ఎర్ర లైటు ఒక్కటే, అది వెలిగాక తెలిసి లాభం లేదు.

కాబట్టి సొంత బండికి గేజ్, డ్రైవర్ చేతిలో పెట్టే బండికి సెన్సర్. నా ఓటు ఇది.

షెడ్డు_బాబాయ్

వైజాగ్ తమ్ముడు ఎర్ర లైటు మాట ఎత్తాడు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు మాది. వచ్చేవాళ్ళలో సగం మందికి తికమక ఇక్కడే.

నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఆయిల్ ఎంతుందో చెప్పడం కాదు. అది ప్రెషర్ లైటు. నడుస్తున్న ఇంజిన్లో ఆయిల్ ప్రెషర్ కొన్ని బార్లు (ప్రెషర్‌ని బార్లలో కొలుస్తారు) ఉంటుంది. అది అర బారు దరిదాపుల్లోకి పడిపోతే ఒక స్విచ్ ఆ లైటు వెలిగిస్తుంది. అంటే బేరింగులకి ఆయిల్ అందడం లేదని అర్థం. అది వెలిగితే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి, తర్వాతి బంకు దాకా అని కూడా అనుకోకూడదు. అదే బొమ్మ పసుపులో వస్తే లెవెల్ గురించి. నీకు వచ్చింది అది. పానా బొమ్మో, "సర్వీస్" అన్న మాటో వస్తే అది సర్వీస్ లెక్క, ఆయిల్ని చూసి చెప్పింది కాదు. మూడూ మూడు వేరే సంగతులు. కస్టమర్లు మాత్రం మూడిటినీ "ఆయిల్ లైటు" అనే అంటారు.

ఇప్పుడు నీ సెన్సర్ సంగతి. బాగా పనిచేస్తున్నంత కాలం లెవెల్ కరెక్టుగానే చెబుతుంది, నా అనుభవంలో అబద్ధం చెప్పిన సందర్భాలు తక్కువ. చెడిపోతే చాలా బండ్లలో సెన్సర్ చెడిందనే మెసేజ్ వస్తుంది. నువ్వు ఒక లీటరుతో ఆగడం చాలా మంచి పని చేశావు. చాలా ఇంజిన్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య ఉండేది దాదాపు ఒక లీటరే. మీ బావ మాట విని ఇంకో అర లీటరు పోసుంటే పై గీత దాటేది. ఆయిల్ మరీ ఎక్కువైతే ఇంజిన్ కింది భాగంలో తిరిగే క్రాంక్ ఇరుసు దాన్ని చిలికేస్తుంది, నురగ వస్తుంది. ఆ నురగని పంపు లాగితే మళ్ళీ ప్రెషరే పడిపోతుంది. 15డబ్ల్యూ-40 వద్దనడం కూడా మంచిదే. నీ బండికి డీపీఎఫ్, అంటే డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్, ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే తక్కువ బూడిద వచ్చే రకం ఆయిల్ పడాలి, డబ్బా వెనక సీ3 అనో, మీ కంపెనీ అప్రూవల్ నంబరో ఉంటుంది, గ్రేడు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ ఫిల్టర్‌లో చేరిన మసి కాలిపోతుంది, ఆయిల్ బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. నువ్వు ఏ ఆయిల్ పోశావో సెన్సర్‌కి తెలియదు. ఆముదం పోసినా లెవెల్ బాగుందనే చెబుతుంది.

నాన్నగారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. గేజ్ తీసి వేళ్ళ మధ్య రాస్తే ఎంతుందో ఒక్కటే కాదు, ఎలా ఉందో కూడా తెలిసేది. నీళ్ళు కలిస్తే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. డీజిల్ కలిస్తే పల్చబడుతుంది, వాసన వస్తుంది. డీజిల్ ఆయిల్ నల్లబడటం మాత్రం మామూలే, దానికి భయపడక్కర్లేదు.

ఒక డాక్టర్ గారి బండి గురించి చెప్తా. బీఎస్6 డీజిల్. బెంజ్ సర్కిల్ దగ్గర ఇల్లు, గవర్నర్‌పేటలో ఆసుపత్రి. రోజూ ఆ ముక్కే, మధ్యలో అంతా ట్రాఫిక్. డీపీఎఫ్‌లో మసి నిండితే బండి తనంతట తాను దాన్ని కాల్చుకోవాలి. అందుకని సిలిండర్లోకి ఆలస్యంగా కాస్త డీజిల్ ఎక్కువ చల్లుతుంది, ఆ వేడి ఎగ్జాస్ట్‌లోకి పోయి మసిని కాలుస్తుంది. హైవే మీద అయితే పావుగంటో ఇరవై నిమిషాలో నడిస్తే పని పూర్తవుతుంది. ఈయన బండి సగంలో ఉండగానే ఆసుపత్రి వచ్చేసేది, ఆపేసేవాడు. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపడం. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగింది. ఆ బండికి గేజ్ ఉంది. తీస్తే పై గీతకి రెండు వేళ్ళ ఎత్తున ఉంది ఆయిల్, గుప్పున డీజిల్ వాసన. ఆయన సంతోషంగా "నా బండి ఆయిల్ తాగదు బాబాయ్, చూడు, తగ్గనే లేదు" అంటున్నాడు!

లెవెల్ తగ్గితే ఎవరైనా భయపడతారు. పొయ్యకుండా పెరిగితే దానికంటే ముందు భయపడాలి. పెరిగితే కొన్ని బండ్లు స్క్రీన్‌లో చెబుతాయి, కొన్ని గీత పైకొచ్చి నిలబడి "బాగుంది" అంటాయి. నీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకో. నెలకోసారి లెవెల్ చూసి, కిలోమీటర్ల రీడింగ్ పక్కన రాసిపెట్టు. గేజ్ లేనివాడికి ఆ పుస్తకమే గేజ్.

బయట గేజ్ పెట్టించడం మర్చిపో. గొట్టమే లేని ఇంజిన్‌కి సంపు తొలిచి పెడతానని ఎవడైనా అంటే బండి తీసుకుని వచ్చెయ్. కొన్ని ఆడీ ఇంజిన్లకి షెడ్డులో వాడే గేజ్ విడిగా దొరుకుతుంది, దాని మీదున్న రింగు జరుపుకుని ఆ ఇంజిన్‌కి తగ్గ కొలత పెట్టుకోవాలి. అది దిగడానికి ఆ ఇంజిన్‌లో దారి ఉంటుంది. నీ దాంట్లో ఆ దారే లేదంటున్నావు.

కూలెంట్, బ్రేక్ ఆయిల్ గురించి రాత్రికి రాస్తా, షెడ్డు ముందు బండి ఆగింది.

చకన్_నుంచి

బాబాయ్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క విషయంలో కాదు, అది చివర్లో చెబుతాను. పూణె దగ్గర చకన్‌లో ఆటో ఎలక్ట్రానిక్స్‌లో పని నాది, ఈ లెవెల్ సెన్సర్లతో రోజూ కుస్తీ.

నల్లపాడు గారూ, మీకు పోసిన వెంటనే స్క్రీన్ మారకపోవడానికి కారణం ఉంది. ఇప్పటి బండ్లలో ఎక్కువగా వాడేది అల్ట్రాసోనిక్ సెన్సర్. సంపు అడుగున కూర్చుంటుంది. కింద నుంచి పైకి ఒక శబ్ద తరంగాన్ని పంపుతుంది, మన చెవికి వినపడదు. అది ఆయిల్ పైతలాన్ని తాకి వెనక్కి వస్తుంది. బావిలో రాయి వేసి చప్పుడు ఎంతసేపటికి వినిపించిందో బట్టి లోతు చెప్పినట్టే. ఆయిల్లో శబ్దం సెకనుకి సుమారు 1,400 మీటర్లు పోతుంది. పది సెంటీమీటర్ల ఆయిల్ ఉంటే పోయి రావడానికి పట్టేది సెకనులో పదివేల వంతు కంటే కాస్త ఎక్కువ. ఆయిల్ వేడెక్కితే శబ్ద వేగం తగ్గుతుంది కాబట్టి పక్కనే టెంపరేచర్ కొలిచే ఏర్పాటు కూడా ఉంటుంది. దీనికి ముందు తరం సెన్సర్లు వేరు. వాటిలో ఒక చిన్న తీగని వేడి చేసి, అది చల్లారడానికి ఎంతసేపు పట్టిందో చూసేవారు. ఆయిల్లో ఎంత మునిగి ఉంటే అంత త్వరగా చల్లారుతుంది.

చిక్కంతా ఇంజిన్ నడుస్తున్నప్పుడు. ఆయిల్లో కొంత భాగం ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో, కాలువల్లో తిరుగుతుంటుంది. సంపులో ఉన్నదాంట్లో గాలి బుడగలుంటాయి. బ్రేకు వేస్తే ముందుకి, మలుపు తిరిగితే పక్కకి ఊగుతుంది. అందుకని సెన్సర్ చుట్టూ ఒక చిన్న గిన్నె లాంటి గొట్టం పెడతారు, లోపల ఆయిల్ అంతగా కదలకుండా. అది చాలదని సాఫ్ట్‌వేర్ బోలెడన్ని కొలతలు తీసుకుని, మలుపుల్లోవీ ఎత్తుపల్లాల్లోవీ పక్కన పడేసి, మిగతావాటి సగటు చూపిస్తుంది. మీరు లీటరు పోసినా పాత సగటు మారడానికి కాస్త దూరం నడవాలి. మిర్యాలగూడలో మీకు కనిపించింది పొయ్యకముందు సంగతి.

వెంటనే తెలుసుకోవాలంటే చాలా మోడళ్ళలో మెనూలో "ఇప్పుడు కొలువు" లాంటి ఆప్షన్ ఉంటుంది. బండి సమతలంగా ఉండాలి, ఇంజిన్ బాగా వేడెక్కి ఉండాలి, న్యూట్రల్‌లోనో పార్కింగ్‌లోనో ఐడిల్‌లో వదిలెయ్యాలి. ఒకటి రెండు నిమిషాల్లో చెబుతుంది. కొన్ని మోడళ్ళు ఇంజిన్ ఆపి కాసేపు ఆగాక కొలుస్తాయి. మీది ఏ పద్ధతో మాన్యువల్లో ఉంటుంది. మన హైవే పక్క దాబాల ముందు నేల సమతలంగా ఉండదు, బంకు కాంక్రీటు నయం.

"కడ్డీ ముక్క పెట్టలేకపోయారా" అన్న మాటకి: సెన్సర్ ఖరీదు కడ్డీ కంటే చాలా ఎక్కువ, కాబట్టి పొదుపు కోసం తీసేశారనడం పూర్తిగా నిజం కాదు. బీఎండబ్ల్యూ వాళ్ళు 2000ల మధ్య నుంచే చాలా ఇంజిన్లలో తీసేశారు, ఆడీ ఆ తర్వాత. సర్వీస్‌కీ సర్వీస్‌కీ మధ్య దూరం పెరిగింది, ఆ మధ్యలో బానెట్ ఎత్తే ఓనర్ తగ్గిపోయాడు. నా ఉద్దేశంలో వాళ్ళు నమ్మనిది గేజ్‌ని కాదు, ఓనర్‌ని. వైజాగ్ గారు తన డ్రైవర్ల గురించి చెప్పిందే జర్మనీలో ఇంజినీర్లూ తమ కస్టమర్ల గురించి అనుకున్నారు. గేజ్‌తో కూడా తప్పుగా చూసేవాళ్ళే ఎక్కువ: ఇంజిన్ ఆపిన వెంటనే చూడటం, ఏటవాలులో చూడటం, తుడవకుండా చూడటం.

సర్వీస్ లెక్క గురించి బాబాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. జనరల్ మోటార్స్ వాళ్ళు 1988లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ఆయిల్ జీవితకాలం చూపించడం మొదలుపెట్టినప్పుడు ఆయిల్‌ని పరీక్షించే సెన్సర్ ఏదీ పెట్టలేదు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అన్నదే లెక్క. ఇవాళ్టికీ ఎక్కువ బండ్లలో ఉన్నది ఆ పద్ధతికి తమ్ముడే.

ఇక ఏకీభవించని విషయం. "సెన్సర్‌కి ఎంతుందో తెలుసు, ఎలా ఉందో తెలియదు" అన్నారు. తెలుసుకోలేదని కాదు, అడగలేదు. డీజిల్ బండ్లలో పొగని శుభ్రం చెయ్యడానికి పోసే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు చూడండి. దాంట్లో 32.5 శాతం యూరియా ఉండాలి. ఎవరైనా నీళ్ళు కలిపితే కనిపెట్టే సెన్సర్ ఆ ట్యాంకులో ఉంటుంది, వాటిలో కొన్ని ఇదే శబ్ద వేగం పద్ధతిలో పనిచేస్తాయి. ఎందుకు పెట్టారు? పొగ నిబంధనలు పెట్టమన్నాయి కాబట్టి. బాగోలేకపోతే బండి కొంతదూరం హెచ్చరించి, తర్వాత నడవడానికి మొరాయిస్తుంది. మీ ఇంజిన్ ఆయిల్ పాడైతే నష్టపోయేది మీరు, అందుకని ఏ చట్టమూ అడగలేదు. ఆయిల్ విద్యుత్ గుణాలు మారడాన్ని బట్టి నాణ్యత చెప్పే సెన్సర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మామూలు కార్లలో పెద్దగా కనపడవు.

ఎడిసన్_పద్మ

న్యూజెర్సీ నుంచి. బాబాయ్ గారు డీజిల్ గురించి చెప్పింది పెట్రోల్‌లోనూ ఉంది, చలి దేశాల్లో ఎక్కువ. 2018లో చైనాలో హోండా సీఆర్‌-వీ 1.5 లీటర్ టర్బో మీద పెద్ద గొడవైంది. ఉత్తర చైనా చలిలో చిన్న చిన్న దూరాలు తిరిగిన బండ్లలో పెట్రోల్ ఆయిల్లో కలిసి లెవెల్ పెరిగింది, రీకాల్ దాకా పోయింది. అక్కడ జనం కనిపెట్టింది గేజ్ తీసి చూసే! మా కాలనీలో తెలుగువాళ్ళం చాలామందిమి రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి పార్క్ చేసే రకం. జనవరిలో ఇంజిన్ సరిగ్గా వేడే ఎక్కదు. శని ఆదివారాల్లో ఒకసారి హైవే మీద తిప్పి తీసుకురమ్మని మా మెకానిక్ ఎప్పుడూ చెబుతుంటాడు.

ఒక చిన్న మాట. ఆయిల్ మూత తీస్తే అడుగున మజ్జిగ నురగలా తెల్లగా కనిపిస్తుంది చలికాలంలో. నేను హెడ్ గ్యాస్కెట్ పోయిందని హడలిపోయాను. కూలెంట్ తగ్గకుండా అది మూతకి మాత్రమే ఉంటే చాలాసార్లు చెమ్మే, బాగా వేడెక్కేదాకా నడిపితే పోతుంది. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

నా బండికీ గేజ్ లేదు. ఆయిల్ మార్పించాక ఆ షాపు పార్కింగ్ దాటక ముందే స్క్రీన్‌లో కొలిచి చూసుకుంటాను. వాళ్ళు కాస్త మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి.

నల్లపాడు_రోడ్

అందరికీ థాంక్స్. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. చకన్ గారి "వాళ్ళు నమ్మనిది ఓనర్‌ని" దగ్గర ఆపి రెండోసారి చదివించుకున్నారు. బంకు కాంక్రీటు మీద పెట్టి కొలిచాం, పై గీతకి కాస్త కింద ఉంది. పుస్తకం కూడా మొదలైంది, ఆయన రాతలోనే.

బాబాయ్, కూలెంట్, బ్రేకు సంగతి బాకీ ఉన్నారు. ఇంకోటి, గేర్‌బాక్స్ ఆయిల్‌కి కూడా గేజ్ లేదు, స్క్రీన్‌లో కూడా ఎక్కడా కనపడటం లేదు. అడిగితే సర్వీస్ వాళ్ళు "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అన్నారు.

షెడ్డు_బాబాయ్

చకన్ బాబు చెప్పింది ఒప్పుకుంటున్నా, అడగకపోవడమే. కానీ షెడ్డుకొచ్చేసరికి రెండూ ఒకటే మాకు.

కూలెంట్. నీ బండికి లెవెల్ సెన్సర్ ఉండొచ్చు. చిన్న కార్లలో చాలావాటికి ఉండదు, టెంపరేచర్ సెన్సర్ మాత్రమే ఉంటుంది. కొన్నిటికి ముల్లు కూడా తీసేశారు, చల్లగా ఉంటే నీలం లైటు, ఉడికితే ఎర్ర లైటు, అంతే. ఇక్కడ ఒక మోసం ఉంది. శ్రీశైలం ఘాట్‌లో ఒక చిన్న కారుకి కింది గొట్టం చీలింది. కూలెంట్ అంతా పోయింది. ముల్లు పైకి పోవాలి కదా? కాసేపు పైకి పోయి కిందికి దిగింది. కుర్రాడు చల్లబడిందనుకుని ఇంకా తోలాడు. సెన్సర్ చుట్టూ నీళ్ళుంటేనే అది నీళ్ళ వేడి చెబుతుంది. నీళ్ళే లేకపోతే గాలినీ ఆవిరినీ చూసి ఏదో ఒకటి చెబుతుంది. బండి దోర్నాల నుంచి టోయింగ్‌లో వచ్చింది, హెడ్ వంగిపోయింది. అందుకని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, పారదర్శకంగా ఉండే ఆ డబ్బాలో గీతలు చూసుకో. మూత తియ్యక్కర్లేదు. వేడిగా ఉన్నప్పుడు మూత మీద చెయ్యి కూడా వెయ్యకు. ఇంకో నెలకి అదే గీత దగ్గర ఉండాలి. ప్రతి నెలా కొంచెం కొంచెం తగ్గుతుంటే ఎక్కడో పోతోంది.

బ్రేక్ ఆయిల్. డబ్బాలో ఒక తేలే బిళ్ళ ఉంటుంది, అది కిందికి దిగితే లైటు. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ కిందికి దిగడం సహజం. కాబట్టి లైటు వెలిగితే ముందు ప్యాడ్లు చూపించు, తర్వాత లీకు చూపించు. ఊరికే డబ్బా నింపేస్తే రేపు కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నొక్కుతారు, ఆయిల్ పొంగి పెయింట్ మీద పడుతుంది. పడినచోట పెయింట్ లేచిపోతుంది.

ఇక లైటు ఎప్పటికీ చెప్పనిది తేమ. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీళ్ళు చేరాక 155 డిగ్రీలకి మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. డబ్బా నిండుగానే ఉంటుంది, లైటు వెలగదు. తిరుమల కొండ దిగుతూ బ్రేకు నొక్కుతూనే వచ్చావనుకో, లోపల ఆవిరి పుట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. మన కోస్తా చెమ్మకి రెండేళ్ళకోసారి మార్చెయ్, కిలోమీటర్లతో పని లేదు. తేమ చూసే పెన్ను లాంటి టెస్టర్ ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ ఉంటోంది, కావాలంటే చూపించమను. కొండ దిగేటప్పుడు గేరు తగ్గించుకుని దిగమని నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు, నీకు చెబుతున్నా.

గేర్‌బాక్స్. "లైఫ్‌టైమ్" అంటే ఎవరి లైఫ్ అని అడుగు. నీది జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల డబ్బా అయితే, దాన్ని చేసిన ఆ జెడ్‌ఎఫ్ వాళ్ళే వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. మెర్సిడెస్ వాళ్ళు 1990ల నుంచే కొన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకి గొట్టం ఉంచి లోపల గేజ్ తీసేశారు, కొలిచే కడ్డీ షెడ్డులో ఉండేది. నీ తరం వాటికి ఆ గొట్టం కూడా లేదు. పక్కన ఒక బోల్టు ఉంటుంది. బండిని లిఫ్టు మీద సమంగా ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఆయిల్ వేడి స్కానర్లో చూస్తూ ఆ బోల్టు తియ్యాలి. జెడ్‌ఎఫ్ డబ్బాకైతే 30 నుంచి 50 డిగ్రీల మధ్యలో ఉండగా సన్నటి ధారగా కారాలి. కారకపోతే ఆయిల్ తక్కువ. వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది, 80 డిగ్రీల దగ్గర తీస్తే తక్కువున్నా కారుతుంది, సరిపోయిందని బిగించేస్తారు. చాలా షెడ్లలో తప్పు జరిగేది ఇక్కడే, స్కానర్ పెట్టకుండా చేత్తో పట్టుకుని చూసి "సరిపోయింది" అంటారు.

కాబట్టి ఎక్కడ మార్పించినా నువ్వు లిఫ్టు పక్కనే నిలబడు. ఎన్ని డిగ్రీల దగ్గర బోల్టు బిగించారో అడిగి, బిల్లు మీద రాయించుకో. రాయనన్నవాడి దగ్గర చేయించకు. నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్ళు, ఆయన పక్కనుంటే అడగక్కర్లేకుండానే రాస్తారు.